వరసల సర్క్యులర్

కొచ్చెర్ల భానోజీరావు నవ్వగలడన్న సంగతి బొబ్బిలిలో ఎవరికీ తెలియదు. అక్కడ పదకొండేళ్ళు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో లెక్కలు చెప్పాడు. లెక్కల మాస్టారు నవ్వితే పిల్లల ర్యాంకులు దిగిపోతాయని ఆ యాజమాన్యానికి గట్టి నమ్మకం. పొద్దున్న బిగించుకున్న మొహాన్ని సాయంత్రం ఇంటికొచ్చాక విప్పడం కూడా మరిచిపోయేవాడు. పెళ్ళైన కొత్తలో ఆయన భార్య సత్యవేణి, ఈయనకి పన్నునొప్పి కాబోలు అనుకుని లవంగం నూనె కొనితెచ్చింది.

అలాంటి మనిషి ముప్ఫై ఏడో ఏట టాంజానియా దేశంలో, కిలిమంజారో కొండ కింద మోషీ అనే ఊళ్ళో, స్నో వ్యూ ఇంటర్నేషనల్ అకాడమీలో ఉద్యోగానికి వెళ్ళాడు. ఆ అకాడమీ బ్రోచర్‌లో మంచు కొండ ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. అకాడమీలోంచి మాత్రం ఏడాదికి ఓ పాతిక రోజులు కనిపిస్తే గొప్ప. మిగతా రోజుల్లో మబ్బు కనిపిస్తుంది.

చేరిన మూడో రోజున తొమ్మిదో తరగతిలోకి అడుగుపెట్టేసరికి ముప్ఫై ఒక్క మంది పిల్లలూ బెంచీలు వెనక్కి తిప్పుకుని, ఆయనకు వీపులు చూపిస్తూ బుద్ధిగా కూర్చుని ఉన్నారు. బొబ్బిలిలో అయితే తల్లిదండ్రులకు ఫోన్లు వెళ్ళేవి. భానోజీ ఒక్క క్షణం నిలబడి, సుద్దముక్క తీసుకుని, నడిచి వెళ్ళి వెనక గోడ మీద లెక్క రాయడం మొదలుపెట్టాడు. గంట కొట్టేదాకా బోర్డు వైపు చూడలేదు, ఎందుకిలా కూర్చున్నారని అడగలేదు. మర్నాడు పది లెక్కలతో పరీక్ష పెట్టాడు. పదింటికీ జవాబు ఏడే. నాలుగో లెక్కకి పిల్లలకు అనుమానం వచ్చింది. ఏడో లెక్కకి చెమట పట్టింది. పదో లెక్క దగ్గర సగం మంది సరైన జవాబులన్నీ రబ్బరుతో చెరిపేసుకున్నారు. నీమా అనే అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఈ దేశంలో ఏడు కాకుండా ఇంకో అంకె ఉందని మీకు ఎవరూ చెప్పలేదా?"

ఆ రోజు భానోజీ నవ్వాడు. పదకొండేళ్ళ బాకీ అంతా ఒక్కసారే నవ్వితే దవడలు పట్టేశాయి. ఆ తర్వాత ఇక ఆగలేదు. పిల్లలు ఆయన డస్టరు దాచేవారు, ఆయన వాళ్ళ ఇంటర్వెల్ గంట దాచేవాడు. స్టాఫ్‌రూములో కెమిస్ట్రీ చెప్పే కురియన్ గారికి అరటికాయ బజ్జీ అని చెప్పి మిరపకాయ బజ్జీ పెట్టాడు. యాభై ఏడేళ్ళ కురియన్ గారు దాన్ని పూర్తిగా నమిలి, నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి, మొహంలో ఒక్క గీతైనా కదలకుండా ల్యాబుకు వెళ్ళిపోయారు. భానోజీ ఓడిపోయింది ఆ ఒక్కచోటే.

కానీ ఈ విద్యలో ఆయన్ని మించిన వాళ్ళు ఇద్దరున్నారు. గేటు దగ్గర కాపలా ఉండే సెంకొండో ఒకరు, వంటగదిని ఏలే టేమమ్మ ఒకరు. ఆవిడ అసలు పేరు మామా టేము. అక్కడ మామా అంటే అమ్మ. తెలుగువాడి నోటికి ఆ పిలుపు ఇబ్బందిగా ఉండి భానోజీ టేమమ్మ అన్నాడు, ఆవిడకు నచ్చి అదే నిలిచింది. సెంకొండోది పారే తెగ, ఆవిడది చాగ్గా తెగ. ఈ రెండు తెగలకూ తాతల నాటి నుంచి ఉటాని అనే సంబంధం ఉంది. ఒకరినొకరు ఎన్ని మాటలైనా అనుకోవచ్చు, ఒకరి వస్తువు ఒకరు పట్టుకుపోవచ్చు, కోపం మాత్రం రాకూడదు. కోపం వచ్చినవాడే పరువు పోగొట్టుకున్నట్టు. ఇంకొకటి కూడా ఉంది. ఒకరింట్లో చావు జరిగితే రెండోవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. పనులన్నీ భుజాన వేసుకోవాలి, ఏడ్చేవాళ్ళను వేళాకోళాలాడి నవ్వించాలి. ఆ నవ్వు వస్తేగాని చావింటి బరువు దిగదని వాళ్ళ లెక్క.

ఇరవై రెండేళ్ళుగా ఆ ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆవిడ ఆయన టీలో ఉప్పు వేసేది. ఆయన ఆవిడ గరిటె పట్టుకుపోయి జెండా కర్రకు కట్టేవాడు. వీళ్ళ మాటలు నడిచేది స్వాహిలీలో, ఇంగ్లీషులో. మనం తెలుగులోనే చెప్పుకుందాం.

ఇంత చక్కగా సాగుతుండగా అకాడమీకి నాణ్యతా డైరెక్టరుగా డాక్టర్ వింజమూరి పరాంకుశం గారు వచ్చారు. నలభై ఆరేళ్ళ హైదరాబాదీ, మేనేజ్‌మెంటులో డాక్టరేటు. తెలుగువాడు దొరికాడన్న సంతోషంతో భానోజీతో తెలుగే మాట్లాడేవారు గాని, ఆ తెలుగు కలెక్టరాఫీసు నోటీసుబోర్డు మీంచి దిగి నడిచి వచ్చినట్టుండేది. వచ్చిన నెలలోనే పదహారు కెమెరాలు పెట్టించారు. వాటిలో తొమ్మిదో కెమెరా, సెంకొండో వంటగది వెనకనుంచి ఒక కోడిని చంకలో పెట్టుకుని పారిపోవడం చూసింది.

"దొంగతనము," అన్నారు డైరెక్టరు గారు, తెర మీద కోడిని వేలితో చూపిస్తూ. "సాక్ష్యము స్పష్టముగా యున్నది. ఇతనిని తొలగించి, గేటు ప్రక్క వసతిని స్వాధీనపరచుకొనవలసియున్నది."

సెంకొండో గుమ్మం దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వయసు యాభై తొమ్మిది. గేటు పక్క ఒంటిగది తప్ప ఆయనకు ఇంకో ఇల్లు లేదు.

"సార్, ఆ కోడి సాయంత్రానికి వంటగదికి తిరిగొచ్చేసింది," అన్నాడు భానోజీ. "మెడలో రిబ్బను కూడా కట్టి పంపాడు. ఇది దొంగతనం కాదండి, వాళ్ళ మధ్య ఆచారం. మనలో బావాబావమరుదుల వేళాకోళం లేదూ, అలాంటిదే. మీ పెళ్ళిలో మీ చెప్పులు దాచేసి ఉంటారు కదా, మీకు తెలీంది కాదు."

"దాచలేదు. మా వివాహమునకు పాదరక్షల కౌంటరు ఏర్పాటు చేసి టోకెన్లు ఇచ్చితిమి."

"పోనీ, చిన్నప్పుడు మీ తాతగారు మీతో పరాచికాలాడలేదా?"

"మా తాతగారు జిల్లా రిజిస్ట్రారు."

నిజం చెప్పాలంటే భానోజీకి కొంచెం జాలి వేసింది. ఆ జాలిలోనే నోరు జారాడు. మన వైపు ఎవరు ఎవరితో హాస్యమాడాలో వరసను బట్టి ఉంటుందనీ, బావా మరదలూ, తాతా మనవడూ ఆడుకోవచ్చుననీ, తండ్రీ కొడుకులకూ అన్నాచెల్లెళ్ళకూ అది కుదరదనీ, ఇక్కడ తెగల మధ్య కూడా అలాంటి కట్టుబాటే ఉందనీ వివరంగా చెప్పాడు.

డైరెక్టరు గారు ముందుకు వంగారు. "అనగా హాస్యమునకు అర్హులెవరో ముందుగనే నిర్ణయింపబడి యుండును?"

"అవును సార్."

"లిఖితపూర్వకముగా?"

"లేదు సార్. అందరికీ తెలుసు."

"అందరికీ తెలిసినది ఏ ఫైలులోనూ ఉండదు. లోపము అచ్చటనే యున్నది."

సెంకొండో ఉద్యోగం ఆ పూటకు మిగిలింది. తుది హెచ్చరిక అని ఎర్రసిరాతో రాసిన కాగితం ఒకటి ఇచ్చి పంపారు. భానోజీ గెలిచానన్న ఊపులో ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

సర్క్యులరు సోమవారం వచ్చింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "ఇందుమూలముగా తెలియజేయడమైనది ఏమనగా, అకాడమీ పరిధిలో హాస్యము, వేళాకోళము, చిలిపి చేష్టలు ఇకపై వరస ప్రాతిపదికన మాత్రమే అనుమతింపబడును. వరస లేని హాస్యము అక్రమ హాస్యము. వరస యుండియు వారమునకు రెండు పర్యాయములు హాస్యమాడనివారు హాస్యలోటు గలవారుగా నమోదు చేయబడుదురు. అర్హమైన వరసలయందు కోపగించుట క్రమశిక్షణోల్లంఘన. డైరెక్టరు గారు సిబ్బందికెల్ల పితృసమానులు గనుక వారితో హాస్యము నిషిద్ధము. వరస మార్పు వివాహము వలన గాని దత్తత వలన గాని మాత్రమే సంభవించును, అందులకు ఫారం తొమ్మిది. సమానత్వ విధానము ననుసరించి దత్తతకు వయోపరిమితి లేదు."

కింద ఇంకో ముక్క ఉంది. ఈ మహత్తర ఆలోచనకు మూలపురుషుడైన శ్రీ కొచ్చెర్ల భానోజీరావు గారిని హాస్య సమన్వయకర్తగా నియమించడమైనది.

ఇంట్లో సత్యవేణి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"మీరు సెప్పేరు, ఆయన రాసీసేడు. ఇప్పుడు ఊరందరి వరసలూ మీ నెత్తి మీద పడ్డాయి. అదలా ఉంచండి. ఈయన అందరికీ తండ్రయితే మీరందరూ అన్నదమ్ములే కదా? ఇంక బావలెక్కణ్ణించి ఒస్తారు?"

"నేనూ అదే అడిగేను. అది పరిపాలనాపరమైన పితృత్వమట. రక్తానికి సంబంధం నేదట."

"కెమిస్ట్రీ మాస్టారికి మీరేటవుతారు?"

"ఇంకా తెలీదు. కంప్యూటరు సెప్పాలి."

"బాగుంది. మా మేనత్తయితే గుడ్డిగా సెప్పీసేది," అంది సత్యవేణి.

కంప్యూటరే ఎందుకు చెప్పాలంటే, తెగలను బట్టి వరసలు పెట్టడం సమానత్వ విధానానికి విరుద్ధమని డైరెక్టరు గారు తేల్చారు. అందువల్ల సిబ్బంది నంబర్లు కంప్యూటరులో వేసి తిప్పారు. పట్టిక గోడకెక్కింది, మెడలో వేసుకునే కార్డుల మీద వరసలు అచ్చయ్యాయి. లైబ్రేరియనుకు వ్యాయామం మాస్టారు మరదలయ్యాడు. టేమమ్మ భానోజీకి తల్లి అయింది. ఇరవై రెండేళ్ళుగా ఉటాని నడిపిన సెంకొండోకూ టేమమ్మకూ కంప్యూటరు అన్నాచెల్లెళ్ళ వరస వేసింది. హాస్యం నిషిద్ధం. ఎవరి కోసమైతే ఈ గొడవంతా మొదలైందో వాళ్ళిద్దరికే నోళ్ళు కట్టేశారు.

పిల్లలకు వేరే నిబంధన. నలభై దాటిన ఉపాధ్యాయులు పిల్లలకు తాతల వరస, వాళ్ళు హాస్యమాడి తీరాలి. నలభై లోపువాళ్ళు తండ్రుల వరస, పళ్ళు కనిపించకూడదు. భానోజీకి ముప్ఫై ఎనిమిది. అంటే ఎంతో కష్టపడి బొబ్బిలిలో వదిలేసి వచ్చిన మొహాన్ని మళ్ళీ తగిలించుకోవలసి వచ్చింది. కురియన్ గారికి యాభై ఏడు. ఆయన తాత.

కురియన్ గారు నిబంధనలు మీరే మనిషి కాదు. బుధవారం తొమ్మిదో తరగతిలోకి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం విప్పి చదివారు. "పిల్లలారా, ఇప్పుడు హాస్యం. ఒక ఏనుగు పరీక్షనాళికలో పడింది. హాస్యం సమాప్తం. ఇక లవణాలు." పిల్లలకు నవ్వు వచ్చింది నిజమే గాని, అది హాస్యం అయిపోయాక వచ్చిన నవ్వు కాబట్టి లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని కురియన్ గారే సమన్వయకర్తకు ఉత్తరం రాశారు.

ప్రతి శుక్రవారం అందరూ హాస్య నివేదికలు ఇవ్వాలి. హాస్యమాడినవారు, పడినవారు, వరస, వస్తువు, ఉద్దేశము అని అయిదు గళ్ళు. మొదటి వారం భానోజీ, తనకు బావ వరసైన సంగీతం మాస్టారి గొడుగు దాచి, ఉద్దేశము గడిలో "ఊరికే" అని రాశాడు. నివేదిక ఎర్రసిరాతో తిరిగి వచ్చింది. "ఊరికే అనునది ఉద్దేశము కానేరదు. సవరించి పంపుడు." సవరించి, "పరస్పర అవగాహన పెంపొందించుట" అని రాసి పంపాడు. ఆ తర్వాత ఆ గొడుగును చూసినప్పుడల్లా ఆయనకు విసుగే వచ్చేది.

మూడు వారాల్లో అకాడమీ అంతటా హాస్యం విరివిగా జరిగింది, నవ్వు మాత్రం కనిపించకుండా పోయింది. స్టాఫ్‌రూములో గురువారం సాయంత్రం లోటు భర్తీ చేసుకునేవాళ్ళు ఒకరి కుర్చీ ఒకరు లాక్కుంటూ, సారీ చెప్పుకుంటూ, సంతకాలు పెట్టించుకునేవారు. వంటగదిలో టేమమ్మ వంట చప్పబడింది. బీన్స్ కూరలో ఉప్పు ఒకనాడు రెండుసార్లు పడేది, ఒకనాడు అసలు పడేది కాదు. గేటు దగ్గర సెంకొండో ఉప్పు లేని టీ తాగుతూ కూర్చునేవాడు.

"మ్వాలిము, ఈ టీ బాగుంది," అన్నాడు ఒకరోజు భానోజీతో. మ్వాలిము అంటే మాస్టారు. "ఇరవై రెండేళ్ళలో మొదటిసారి బాగుంది. నేను తాగలేకపోతున్నాను."

మంచి చేద్దామని నోరు తెరిచింది భానోజీయే. ఆ నోరే ముసలాయన నోటికి తాళం వేసింది. ఆ తప్పు తనదేనని ఆయనకు బాగా తెలుసు.

నాలుగో వారం మంగళవారంనాడు టేమమ్మ తల్లి పోయింది. తొంభై ఆరేళ్ళ మనిషి. గురువారం పొద్దున్న ఖననం. అకాడమీ సగంరోజు సెలవిచ్చి, సిబ్బందినీ వాళ్ళ ఇంటివాళ్ళనీ బస్సులో కొండవాలు మీది ఊరికి తీసుకువెళ్ళింది. డైరెక్టరు గారు సంతాప తీర్మానాన్ని ఫైలులో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. బస్సు దిగేముందు ఒక మాట చెప్పారు.

"ఇది అకాడమీ తరఫున జరుగు పర్యటన గనుక హాస్య నియమావళి ఇచ్చటను వర్తించును."

ఆ మాట ఎవరికి తగలాలో వాడికి తగిలింది. సెంకొండో తల వంచుకుని దిగాడు.

అరటితోటల మధ్య ఇల్లు. వాళ్ళ సమాధులు ఇంటి ఆవరణలోనే ఉంటాయి. టార్పాలిన్ల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పెద్దమనిషి వచ్చాడని ఇంట్లో ఉన్న ఒక్క సోఫా కుర్చీనీ బయటికి మోసుకొచ్చి డైరెక్టరు గారిని కూర్చోబెట్టారు. టేమమ్మ గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఏడవలేదట, తినలేదట, ఎవరితో మాటాడలేదట. కళ్ళు మాత్రం సెంకొండో ఎటు కదిలితే అటు తిరుగుతున్నాయి.

సెంకొండో వచ్చిన దగ్గర్నుంచీ ఒళ్ళు వంచి పనిచేస్తున్నాడు. కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు, గుంట అంచులు సరిచేశాడు. పనికి నిషేధం లేదు. నోరు విప్పడానికే లేదు. చుట్టాలు గొణుక్కోవడం మొదలైంది. టేమమ్మ అన్నగారు అందరికీ వినబడేలా అనేశాడు.

"పారేవాడు వచ్చి నోరు మూసుకుని నీళ్ళు మోస్తున్నాడేమిటి? మా అమ్మ చావు వీడికి అంత చులకనైపోయిందా?"

సెంకొండో బిందె కింద పెట్టేశాడు. భానోజీ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మ్వాలిము, నేను మాట్లాడేస్తాను. గది పోతే పోయింది. ఇక్కడ నోరు మూసుకుంటే రేపు ఆవిడ మొహం ఎలా చూడను?"

"ఒక్క పది నిమిషాలు ఆగు," అన్నాడు భానోజీ. "నీ గదీ పోకూడదు, నీ మాటా పోకూడదు. నాకు లెక్క చేసుకోనీ."

సమన్వయకర్త గనుక ఫారాలన్నీ ఆయన సంచిలోనే ఉంటాయి. అరటి చెట్టు కింద నిలబడి పట్టికను ఒకసారి మనసులో వేసుకున్నాడు. టేమమ్మ నాకు తల్లి. డైరెక్టరు నాకు తండ్రి. నా కొడుకు వాళ్ళిద్దరికీ ఏమవుతాడు? ఫారం తొమ్మిది తీసి, బోర్లించిన బిందె మీద పెట్టుకుని చకచకా నింపాడు. తల్లి సమ్మతి అన్న గడి దగ్గర ఆగి సత్యవేణిని పిలిచాడు.

సత్యవేణి కాగితం చూసింది, మొగుణ్ణి చూసింది, దూరంగా ఆరడుగుల ఎత్తున నెరిసిన గడ్డంతో నిలబడ్డ సెంకొండోని చూసింది.

"ఈయన్ని బళ్ళో ఎయ్యక్కర్నేదు కదా?"

"అక్కర్నేదు."

"అయితే ఇటివ్వండి," అని సంతకం పెట్టేసింది.

భానోజీ సోఫా దగ్గరికి వెళ్ళి వినయంగా వంగాడు. "సార్, ఒక దత్తత ఉంది. తమరి సంతకం కావాలి."

"ఈ సమయమునందా?"

"పెండింగు ఉంచడం తమకు ఇష్టం ఉండదని తెచ్చానండి."

డైరెక్టరు గారు చదివారు. "దత్తత స్వీకరించువాని వయస్సు ముప్పది ఎనిమిది. దత్తపుత్రుని వయస్సు యాబది తొమ్మిది." కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చదివారు. "పుత్రుడు తండ్రి కంటె జ్యేష్ఠుడుగా కనబడుచున్నాడు."

"వయోపరిమితి లేదని సర్క్యులరులో ఉంది సార్. సమానత్వ విధానం."

డైరెక్టరు గారు ఫైలు విప్పి సర్క్యులరు తీసి చూసుకున్నారు. ఉంది. మనుషుల్ని ఎంతైనా అనుమానిస్తారు గాని, తాను రాసిన నిబంధనను అనుమానించడం ఆయన వల్ల కాదు. జేబులోంచి రబ్బరు ముద్ర తీసి, నోటితో ఆవిరి పట్టి, వేశారు. "సక్రమముగా యున్నది," అన్నారు.

భానోజీ ఆ కాగితాన్ని సెంకొండో చేతిలో పెట్టాడు. "ఇవాళ్టి నుంచి నేను నీ తండ్రిని. టేమమ్మ నీకు నాయనమ్మ. తాతతోనూ నాయనమ్మతోనూ మనవడు ఎంత ఆడినా అడిగేవాడు లేడు."

"మరి ఆ టై కట్టుకున్నాయన?"

"నీ తాత."

సెంకొండో కాగితం వైపు చూశాడు. సోఫా వైపు చూశాడు. నెల రోజుల తర్వాత ఆయన పళ్ళు కనిపించాయి. కాగితం మడిచి టోపీలో పెట్టుకుని, టోపీ నెత్తిన పెట్టుకుని, చాప దగ్గరికి గట్టిగా కేకలు వేసుకుంటూ బయల్దేరాడు.

"నాయనమ్మా! ఓ నాయనమ్మా! ఎవరు చెప్పారే మీ అమ్మ చచ్చిపోయిందని? చాగ్గావాళ్ళు అన్నీ అబద్ధాలే చెబుతారు. నేను చూశాను, ఆవిడకేం కాలేదు. నీ బీన్స్ కూర తిననని అలిగి పడుకుంది! తొంభై ఆరేళ్ళు ఓర్చుకుంది పాపం, మంగళవారంనాడు ఇక నావల్ల కాదంది!"

గుంపులో ఎవరో ముక్కులోంచి నవ్వారు. టేమమ్మ పెదవి చివర వణికింది.

"నేను చెబుతూనే ఉన్నాను, ఆ కూర మా మేకలే తినవని! ఎవరు విన్నారు? నాకు నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. మనవడికి కుర్చీ వేసే దిక్కే లేదా ఈ ఇంట్లో? తాత మాత్రం సోఫాలో కూర్చున్నాడు!" అంటూ గిర్రున తిరిగి, నాలుగంగల్లో సోఫా దగ్గరికి వెళ్ళి, అకాడమీ నాణ్యతా డైరెక్టరు డాక్టర్ వింజమూరి పరాంకుశం గారి ఒడిలో కూర్చున్నాడు.

ఆవరణంతా అటే తిరిగింది. కురియన్ గారు కూడా తల తిప్పి చూశారు. డైరెక్టరు గారి మొహం ఎర్రబడింది, నోరు తెరుచుకుంది. అంతలో ఆ నోటికి తాను రాసిన వాక్యమే అడ్డం వచ్చింది. అర్హమైన వరసలయందు కోపగించుట క్రమశిక్షణోల్లంఘన. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు గాలిలో ఉంచుకున్నారు. చివరికి ఒకటి తీసుకొచ్చి, పడిపోతాడేమోనన్నట్టు, మనవడి వీపు మీద ఆనించారు.

టేమమ్మ నవ్వింది. మొదట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిన్నగా, తర్వాత చాప మీద చేత్తో కొట్టుకుంటూ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు వెనకాలే ఏడుపు వచ్చింది. రెండు రోజులుగా రాని ఏడుపంతా వచ్చింది. అన్నగారూ, చుట్టాలూ, వంట చేస్తున్న ఆడవాళ్ళూ అందరూ ఆవిడతో కలిసి నవ్వుతూ ఏడ్చారు. సత్యవేణి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నా కొడుకే," అంది పక్కావిడతో తెలుగులో. ఆవిడకు అర్థమైనట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో డైరెక్టరు గారు చాలాసేపు కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చున్నారు. ఊరి పొలిమేర దాటాక భానోజీ వైపు తిరిగారు.

"మనుమడు బరువుగా యున్నాడు," అన్నారు.

ఈ సంగతి శుక్రవారానికి తొమ్మిదో తరగతికి తెలిసింది. నీమా నోటుబుక్కులో గీతలు గీసి లెక్క తేల్చింది. సెంకొండో భానోజీ సారుకు కొడుకైతే, సెంకొండోకు కొడుకులూ కూతుళ్ళూ అయినవాళ్ళు భానోజీ సారుకు మనవలే కదా. సోమవారం పొద్దున్న డైరెక్టరు గారి బల్ల మీద ముప్ఫై ఒక్క ఫారం తొమ్మిదులు వరసగా పేర్చి ఉన్నాయి. గేటు దగ్గర సెంకొండో ప్రతి దాని మీదా తండ్రి హోదాలో సంతకం పెట్టి, వేళ్ళు నొప్పులని టేమమ్మ చేత ఆముదం రాయించుకుంటున్నాడు. అది ఆముదం కాదనీ, మిరియాల నూనె అనీ కాసేపటికి తెలిసింది. డైరెక్టరు గారు ముప్ఫై ఒక్కటీ చదివి, ముప్ఫై ఒక్కటికీ ముద్ర వేసి, మధ్యాహ్నానికల్లా ముత్తాత అయ్యారు.

మంగళవారం భానోజీ తొమ్మిదో తరగతిలోకి అడుగుపెట్టేసరికి ముప్ఫై ఒక్క మంది మనవలూ ఆయనకు వీపులు చూపిస్తూ కూర్చుని ఉన్నారు. ఆయన సుద్దముక్క తీసుకుని వెనక గోడ దగ్గరికి నడిచాడు. నడుస్తుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ శుక్రవారం పొద్దున్న సెంకొండో విజిల్ పోయింది. గేటు పక్క మేకుకు ఇరవై రెండేళ్ళుగా వేలాడే ఇత్తడి విజిల్ అది. సెంకొండో నేరుగా వంటగదికి వెళ్ళి పిండి డబ్బాలన్నీ బోర్లించాడు. టేమమ్మ తల్లి మీద ఒట్టేసింది. పిల్లల్ని అడిగితే తెల్లమొహాలు వేశారు. తండ్రిని అడిగితే భానోజీ జేబులు తిరగేసి చూపించాడు. ఇంక మిగిలింది ఎవరో ఎవరికీ అంతుపట్టలేదు.

పదకొండు గంటలకు భానోజీ తన బల్ల మీది హాస్య నివేదికల ట్రే ముందు కూర్చున్నాడు. అన్నిటికంటే పైన ఒక ఫారం, ఎంతో చక్కని దస్తూరిలో నింపి ఉంది. హాస్యమాడినవారు: తాత. పడినవారు: మనుమడు. వస్తువు: ఇత్తడి విజిల్, ఒకటి. ఉద్దేశము అన్న గడిలో ఏదో పెద్ద వాక్యం రాసి కొట్టేసి ఉంది. దాని కింద ఇంకొకటి రాసి, అదీ కొట్టేసి ఉంది. అట్టడుగున, చోటు చాలక ఇరుకుగా, ఒకే ఒక్క మాట ఉంది.

"ఊరికే."

భానోజీ తలెత్తి చూశాడు. మేడ మీద డైరెక్టరు గారి గది కిటికీలో తెర కదిలి, చటుక్కున సర్దుకుంది. కింద గేటు దగ్గర సెంకొండో మోకాళ్ళ మీద వంగి పూలకుండీల వెనకాల వెతుకుతున్నాడు.

సమన్వయకర్త ఆ ఫారాన్ని ఫైలులో పెట్టలేదు. మడిచి జేబులో వేసుకుని, మెట్లు దిగి గేటు దగ్గరికి వెళ్ళి, కొడుకు పక్కన తనూ మోకాళ్ళ మీద కూర్చుని, ఎంతో శ్రద్ధగా విజిల్ వెతకడం మొదలుపెట్టాడు.